పక్కింటి చెట్టు కొమ్మలు మీ ఇంటి మీదికి వస్తున్నాయా? మాటామాటా పెరగకుండా తేల్చుకోవడం ఎలా?

పక్కింటి చెట్టు గోడ దాటి వచ్చిందంటే మనకు కనిపించేది రాలిన ఆకులు, చీకటి, చీమలు. వాళ్లకు కనిపించేది ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచుకున్న చెట్టు. అందుకే "మీ చెట్టు కొట్టించేయండి" అని మొదలుపెట్టినవాళ్లకు "మా చెట్టు, మా ఇష్టం" అనే జవాబే వస్తుంది. "వాటర్ ట్యాంకు మీదికి వంగిన ఆ ఒక్క కొమ్మ తీయిస్తే చాలండి" అన్నవాళ్ల పని చాలాసార్లు ఆ మాటతోనే అయిపోతుంది. గొడవ చెట్టు గురించి కాదు, ఫలానా కొమ్మ గురించి అని మీకు మీరు ముందు చెప్పుకోండి. మిగతా పనులన్నీ దాన్నిబట్టే నడుస్తాయి.

1. అసలు ఇబ్బంది ఏమిటో విడదీసి చూడండి

"చెట్టుతో చచ్చిపోతున్నాం" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఆకులు పైకప్పు గొట్టంలో ఇరుక్కుంటున్నాయా? కొమ్మ గాలికి ఊగి గోడకు రాసుకుంటోందా? వేర్లు డ్రైనేజీలోకి వచ్చాయా? ఎండుకొమ్మ విరిగి పడేలా ఉందా? ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం. కొన్నింటికైతే కొమ్మ కొట్టాల్సిన అవసరమే రాదు.

ఉదాహరణకు, చెట్టు కింద పెట్టిన కారు మీద సన్నని జిగట చుక్కలు పడుతుంటాయి. నాలుగు రోజులకు వాటి మీద దుమ్ము పట్టి, తుడిస్తే పోని మరకలవుతాయి. చెట్టు జిగురు కారుస్తోందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది చెట్టు పని కాదు. ఆకు అడుగున చేరిన పేనుబంకో పిండినల్లో ఆకు రసం పీల్చి, మిగిలిన తీపి ద్రవాన్ని వదులుతుంది. దాని మీద నల్లటి మసి తెగులు పెరుగుతుంది. ఆకు తిప్పి చూస్తే పురుగులు గుంపుగా కనిపిస్తాయి, చీమలూ అక్కడే తిరుగుతుంటాయి. ఆ పురుగును అదుపు చేస్తే చాలు. పక్కింటివాళ్లతో "కొమ్మ కొట్టండి" అనడం కంటే "చెట్టుకు పురుగు పట్టినట్టుంది, చూశారా?" అనడం ఎంత తేలికో ఆలోచించండి.

వేర్ల సంగతీ అంతే. గట్టిగా ఉన్న పైపును వేరు సాధారణంగా పగలగొట్టదు. అతుకు దగ్గర అప్పటికే తడి ఊరుతున్న చోటును వెతుక్కుని లోపలికి దూరుతుంది. వేరు కోసినా పైపు మార్చకపోతే అది మళ్లీ వస్తుంది.

ఇంకో సంగతి. మీ కోపం నిజంగా చెట్టు మీదేనా, లేక పార్కింగ్ దగ్గరో రాత్రిపూట చప్పుళ్ల దగ్గరో మొదలైందా? అత్త మీది కోపం దుత్త మీద చూపిస్తుంటే, కొమ్మ తీసినా గొడవ తీరదు.

2. హద్దు ఎక్కడ? చెట్టు ఎవరిది?

కొమ్మలు ఎక్కడున్నాయన్నది కాదు, చెట్టు బోదె ఎవరి నేలలో ఉందన్నదే సాధారణంగా లెక్క. గోడే హద్దు అని కూడా అనుకోవద్దు. చాలా గోడలు హద్దుకు ఒక అడుగు అటో ఇటో ఉంటాయి. అనుమానం ఉంటే దస్తావేజులు తీసి కొలతలు చూడండి, అవసరమైతే సర్వేయర్‌ను పిలవండి. బోదె సరిగ్గా హద్దు మీదే ఉంటే చాలా దేశాల్లో చెట్టు ఇద్దరిదీ అవుతుంది. జర్మనీ సివిల్ కోడ్‌లో 923వ సెక్షన్ అలాంటి చెట్టు కాయలూ, కొట్టాక కలపా ఇద్దరికీ సమానంగా చెందుతాయని చెబుతుంది. అలాంటి చెట్టు మీద ఒక్కరే చెయ్యి వేయడం మంచిది కాదు.

పక్కింట్లో ఉన్నది అద్దెవాళ్లయితే యజమాని ఎవరో కనుక్కోండి. అద్దెవాళ్లు సరేనన్నంత మాత్రాన యజమాని ఒప్పుకున్నట్టు కాదు.

3. చట్టం గురించి తెలుసుకోండి, కానీ జేబులో పెట్టుకోండి

"నా స్థలంలోకి వచ్చింది కాబట్టి నరికేస్తా" అనే మాట ఒక చోట చెల్లుతుంది, ఇంకో చోట చెల్లదు. ఇంగ్లండ్‌లో లెమన్ వర్సెస్ వెబ్ కేసులో 1894లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) ఇచ్చిన తీర్పు ప్రకారం, పక్కవాళ్ల స్థలంలో అడుగు పెట్టకుండా హద్దు దాటిన కొమ్మను నోటీసు లేకుండానే కోసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో అలా కుదరదు. అక్కడి సివిల్ కోడ్ 673వ అధికరణం ప్రకారం కొమ్మలు తీయించమని చెట్టు యజమానిని బలవంతపెట్టవచ్చు గానీ స్వయంగా కోయకూడదు. వేర్లనైతే హద్దు దాకా కోసుకోవచ్చు. జర్మనీలో ముందు తగిన గడువు ఇవ్వాలి, కొమ్మ వల్ల నిజంగా ఇబ్బంది కలుగుతూ ఉండాలి. జపాన్‌లో వేర్లు కోసే హక్కు ఉండేది గానీ కొమ్మలు కోసే హక్కు ఉండేది కాదు. 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన సవరణతో, అడిగినా తగినంత కాలంలో యజమాని కోయించకపోతే మనమే కోసుకునే వీలొచ్చింది.

కాయల విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో తన వైపు వంగిన కొమ్మల యాపిల్స్ కోసి అమ్ముకున్న వ్యక్తి పరిహారం కట్టాల్సి వచ్చింది (మిల్స్ వర్సెస్ బ్రూకర్, 1919). కొమ్మ ఎక్కడికి వంగినా కాయ చెట్టు యజమానిదే అన్నది ఆ తీర్పు. జర్మనీ, ఫ్రాన్స్‌లలో మాత్రం తనంతట తాను రాలి మీ నేల మీద పడిన పండు మీదే. కొమ్మ పట్టుకుని ఊపి రాల్చుకుంటే అది లెక్కలోకి రాదు.

వీటికి తోడు చెట్ల రక్షణ చట్టాలు వేరుగా ఉంటాయి. బ్రిటన్‌లో కొన్ని చెట్లకు రక్షణ ఉత్తర్వులుంటాయి, అనుమతి లేకుండా ముట్టుకుంటే జరిమానా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. కాబట్టి రంపం తీసే ముందు మీ ఊరి స్థానిక సంస్థను ఒక మాట అడగండి.

ఇదంతా మీరు ఎక్కడిదాకా వెళ్లగలరో తెలుసుకోవడానికే. మొదటి మాటలోనే సెక్షన్ నంబర్ చెబితే అవతలివాళ్లు రెండో మాటలో లాయర్ పేరు చెబుతారు.

4. ఫొటోలు తీసి పెట్టుకోండి

దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, తేదీతో సహా. కొమ్మ గోడకు రాసుకున్న గీత, పగిలిన పెంకు, నిండిపోయిన గొట్టం. బాగు చేయించిన ఖర్చుల రసీదులు కూడా. పక్కింటివాళ్లను ఫొటోల్లో పడనివ్వకండి, నిఘా పెట్టారనిపిస్తుంది.

5. వెళ్లి మాట్లాడండి

సందేశం పంపడం కంటే మనిషి వెళ్లడం మేలు. పని తొందరలో ఉన్నప్పుడు, ఇంట్లో చుట్టాలున్నప్పుడు, మొన్ననే కొమ్మ విరిగి పడి మీ ఒళ్లు మండుతున్నప్పుడు వద్దు. గోడ మీంచి అరిచి చెప్పడం అసలే వద్దు, వీధంతా వింటుంటే ఎవరూ తగ్గరు.

వయసులో పెద్దాయనైతే ఇలా మొదలుపెట్టవచ్చు:

"బాబాయిగారూ, ఒక్క ఐదు నిమిషాలు మా మేడ మీదికి వస్తారా? మీ చెట్టు కొమ్మ ఒకటి ట్యాంకు మూతకు తగులుతోంది. మీ కంటితో మీరే చూస్తే బాగుంటుందని."

పిలిచి చూపించడంలో పెద్ద లాభం ఉంది. తన చెట్టు అటువైపు నుంచి ఎలా కనబడుతుందో ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. చూశాక నోరు తెరిచి మీరు అడగక్కర్లేకుండా "అయ్యో, ఇంత దూరం వచ్చిందా" అని ఆయనే అనవచ్చు.

అనకపోతే, అడగాల్సింది నాలుగు ముక్కల్లో అడగండి: ఏ కొమ్మ, ఎక్కడిదాకా, ఎప్పటిలోగా, ఖర్చు ఎవరిది. నా సలహా అడిగితే మొదటిసారి ఖర్చు మీరే పెట్టుకుంటామనండి, కనీసం సగం. చట్టం వాళ్లే భరించాలన్నా సరే. ఒక కొమ్మ కొట్టించే కూలి, లాయర్ నోటీసు ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

"ఆలోచించి చెబుతాం" అంటే సరేనని వచ్చేయండి. "వచ్చే ఆదివారం ఒకసారి కనబడతానండి" అని మాత్రం చెప్పి రండి. గడువు లేని "చూద్దాం" ఏడాది పడుతుంది.

6. చెట్టు చావకుండా కొమ్మ తీయించండి

పక్కింటివాళ్ల అసలు భయం ఇదే: కూలివాడు వచ్చి చెట్టును మోడు చేసి పోతాడని. ఆ భయం ఉత్తదేం కాదు. కాబట్టి కోత ఎలా జరగాలో మీకు తెలిసి ఉంటే సగం అభ్యంతరాలు అక్కడే పోతాయి.

కొమ్మ బోదెలోంచి పుట్టినచోట కొద్దిగా ఉబ్బెత్తుగా, చర్మం ముడత పడ్డట్టు ఉంటుంది. కోత దానికి కాస్త బయట పడాలి. బోదెకు నున్నగా ఆనించి కోస్తే ఆ ఉబ్బు పోతుంది, గాయం మూసుకోవడం కష్టమవుతుంది. మరీ దూరంగా కోసి మొండి వదిలితే అది కుళ్లుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూసి, చెట్టు మన చర్మంలా గాయాన్ని మాన్చుకోదని, కుళ్లు పక్కకు పాకకుండా దాని చుట్టూ అడ్డు కట్టుకుంటుందని చూపించాడు. ఆ అడ్డు కట్టే శక్తి ఎక్కువగా ఉండేది ఆ ఉబ్బులోనే. కోసినచోట తారు, పెయింటు పూయడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

బరువైన కొమ్మను ఒకే కోతతో కోస్తే సగంలో విరిగి బోదె బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. మూడు కోతలు పెట్టించండి. బోదెకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో కింది నుంచి మూడో వంతు దాకా ఒకటి, దానికి కాస్త అవతల పై నుంచి రెండోది. కొమ్మ పడిపోయాక మిగిలిన మొండిని ఉబ్బు బయట తీసేయడం మూడోది.

పై భాగమంతా తల నరికినట్టు నరికించకండి. ఆ మొండాల నుంచి పుట్టే కొత్త చిగుళ్లు పైపైనే అతుక్కుని, ఎదిగాక గాలికి విరుగుతాయి. అంటే మూడేళ్లలో మొదటికంటే పెద్ద సమస్య. ఏడాదిలో ఆకుల గుబురులో నాలుగో వంతుకు మించి తీయకపోవడం మంచిది. గూళ్లలో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. కరెంటు తీగకు 3 మీటర్ల లోపు కొమ్మ ఉంటే మీరుగానీ మామూలు కూలివాళ్లుగానీ తాకకూడదు, విద్యుత్ శాఖకు చెప్పాల్సిందే.

వేర్లు కోసేటప్పుడు మరీ జాగ్రత్త. చాలా చెట్ల వేర్లలో ఎక్కువ భాగం పైనున్న 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది. బోదె దగ్గర ఒకవైపు లావు వేర్లు కోస్తే చెట్టు పట్టు తప్పి ఒరగవచ్చు. అది మీ ఇంటివైపే కావచ్చు.

కోసిన కొమ్మలు అటువైపు పారేయకండి. "కలప మీకు కావాలా, మమ్మల్ని తీసేయమంటారా?" అని అడగండి.

7. కుదిరిన మాట రాసుకోండి

స్టాంపు పేపరు అక్కర్లేదు. మాట్లాడి వచ్చాక ఒక సందేశం చాలు:

"నమస్కారం బాబాయిగారూ. ఇవాళ అనుకున్నట్టు ట్యాంకు వైపు వచ్చిన రెండు కొమ్మలను గోడ దాకా తీయిస్తున్నాం. మిగతా చెట్టును ముట్టుకోరు. కూలి మేమిస్తాం. వచ్చే శనివారం ఉదయం, మీరుండగానే. ఏమైనా మార్చాలంటే చెప్పండి."

ఆయన "సరే" అని జవాబిస్తే అదే రికార్డు.

8. మాట వినకపోతే

రెండుసార్లు మర్యాదగా అడిగినా కదలిక లేకపోతే ఉత్తరం రాయండి. కోపం లేకుండా, ఫొటోలు జతచేసి, తగిన గడువు ఇచ్చి, అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో పంపండి. తర్వాత ఇద్దరూ మాట వినే మూడో మనిషి. అపార్ట్‌మెంట్ సంఘం పెద్ద కావచ్చు, వీధిలో పెద్దమనిషి కావచ్చు. మీ స్నేహితుణ్ని మాత్రం తీసుకెళ్లకండి. అదీ కాకపోతే స్థానిక సంస్థకు ఫిర్యాదు, ఆపైన లాయర్ నోటీసు, సివిల్ కోర్టు. కోర్టు దాకా వెళ్లేది ఇంటికి నష్టం జరిగినప్పుడో, జరుగుతుందని గట్టి ఆధారం ఉన్నప్పుడో మాత్రమే. రాలిన ఆకుల కోసం వెళ్తే డబ్బూ పోతుంది, పక్కింటివాళ్లూ దూరమవుతారు.

రాత్రికి రాత్రి చెట్టు మొదట్లో యాసిడ్ పోయడం, బెరడు చుట్టూ చెక్కేయడం లాంటివి తెలివైన పనులని ఎవరైనా చెబితే వినకండి. బెరడు గుండ్రంగా తెగితే ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు దిగదు, చెట్టు నిలువునా ఎండుతుంది. ఆ ఎండిన చెట్టు మీ ఇంటి మీదే విరిగి పడవచ్చు. పైగా చేసిందెవరో వీధిలో అందరూ ఇట్టే పసిగడతారు.

ప్రమాదం కనిపిస్తే ఈ వరసంతా అక్కర్లేదు

చెట్టు కొత్తగా ఒరిగి, రెండోవైపు మట్టి పైకి లేచిందా? చెట్టు మొదట్లో పుట్టగొడుగులు పుట్టాయా? బోదెలో నిలువు పగులు ఉందా? లావు కొమ్మ ఆకు లేకుండా ఎండి వేలాడుతోందా? అదే రోజు చెప్పండి, రాతపూర్వకంగా కూడా చెప్పండి. ప్రమాదం ఉందని తెలిసీ ఊరుకున్న యజమాని మీద చాలా చట్టాల్లో బాధ్యత మరింత బరువుగా పడుతుంది. ఆ కొమ్మ కిందినుంచి కారు, పిల్లల సైకిలు ఆ రోజే తీసేయండి.

చెట్టు మీదే అయితే

పక్కింటివాళ్లు వచ్చి చెప్పకముందే ఏడాదికోసారి అటువైపు వెళ్లి చూసిరండి. వాళ్లు కొమ్మ కోస్తామంటే మనిషిని మీరే పిలవండి, కోత మీ కళ్లముందు జరుగుతుంది. మీవైపు నుంచి మరో చెట్టు నాటుతుంటే, ఎదిగాక దాని గుబురు ఎంత వెడల్పు అవుతుందో నర్సరీలో అడిగి, అందులో సగానికి మించిన దూరం గోడ నుంచి వదలండి.