ఛాంబర్ దగ్గర ఆయిల్ కారుతుంటే ఇంట్లోనే సీల్ వేసుకోవడం ఎలా

కారు కింద నల్లటి చుక్కలు కనబడగానే చాలామంది సీలెంట్ ట్యూబ్ ఒకటి తెచ్చి, తడిగా ఉన్న చోట బయటినుంచి పూసేస్తారు. అది నిలవదు. ఆయిల్ అంటిన లోహానికి సీలెంట్ పట్టదు, కాస్త పట్టినా లోపలి వేడి ఆయిల్ దాన్ని లేపేస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టినే ఛాంబర్ అంటాం. దాన్ని విప్పాలి, తుడవాలి, కొత్తగా సీల్ వేయాలి, ఆరనివ్వాలి. ఇందులో కష్టమంతా తుడవడంలోనే ఉంది.

ముందు లీకు నిజంగా ఛాంబర్‌దేనా అన్నది తేల్చుకోండి. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది, కాబట్టి పైన ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ పోయినా, ఆయిల్ ఫిల్టర్ వదులైనా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర కారినా చుక్క మాత్రం ఛాంబర్ అంచునే వేలాడుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కింది భాగం జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి, ఆరాక అంచు చుట్టూ టాల్కం పౌడర్ చల్లి, విశాఖ నుంచి భీమిలి దాకా ఒకసారి వెళ్లి వచ్చి టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైతే లీకు అక్కడ. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు దగ్గరే అయితే అదృష్టం, ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు వాషర్ కొత్తది వేస్తే చాలు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనుంచి వస్తుంటే అది క్రాంక్ సీల్ (ఇంజన్ ప్రధాన ఇరుసు చుట్టూ ఉండే సీల్) కావచ్చు, ఆ పని ఇంట్లో అయ్యేది కాదు.

మన దగ్గర ఇంకోటి కూడా చూసుకోవాలి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు లాంటి సముద్రం దగ్గరి చోట్ల బండి ఆరుబయటే ఉంటే ఉప్పుగాలికి రేకు ఛాంబర్ తుప్పు పడుతుంది. పెయింట్ పొంగిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. రేకు మెత్తగా లోపలికి పోతే అంచుకి ఎంత సీల్ వేసినా లాభం లేదు, కొత్త ఛాంబర్ కొనాల్సిందే. గాజువాక ఆటోనగర్‌లోనో డాబాగార్డెన్స్ వైపు స్పేర్ పార్టుల షాపుల్లోనో అడగండి. అలాగే ఛాంబర్‌కి అడ్డంగా సైలెన్సర్ పైపుగానీ ఇంజన్ కింది ఫ్రేమ్‌గానీ ఉందేమో పడుకుని చూడండి, ఉంటే మెకానిక్‌కి ఇచ్చేయడమే మంచిది.

బండి చదునైన సిమెంటు నేల మీదే పెట్టండి. విశాఖలో ఏటవాలు వీధులు చాలా ఉన్నాయి, అలాంటి చోట జాకీ ఎక్కించొద్దు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగం లేపి, జాక్ స్టాండ్ల మీద దించి, ఒకసారి గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరండి. ఒట్టి జాకీని నమ్మి బండి కింద పడుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ దించండి. ఛాంబర్ బోల్టులకు ఎక్కువగా 10 నంబరు పానా సరిపోతుంది. అన్నీ తీశాక కూడా పాత సీల్ పట్టి ఉంచుతుంది, అప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపితే ఇంజన్ వైపు అల్యూమినియం అంచు గీసుకుపోయి కొత్త లీకుకి దారి అవుతుంది. పల్చటి పుట్టీ బ్లేడు ఒక మూల నుంచి నెమ్మదిగా తోయండి, లేదా రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టండి.

రెండు అంచుల మీదా పాత సీలెంట్ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, గుడ్డ మీద బ్రేక్ క్లీనర్ చల్లి తుడవండి. గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా తుడవాల్సిందే. ఇంతా చేశాక కూడా పైనుంచి ఇంకో ఆయిల్ చుక్క అంచు మీదికి జారుతుంది, అందుకే ఒక గంట అలా వదిలేసి, సీల్ వేసే ముందు మళ్లీ తుడవండి. మన ఉక్కపోతలో చెమట కూడా పడుతుంది, చూసుకోండి. రేకు అంచు బోల్టు కన్నాల దగ్గర వంగి ఉంటే చెక్క దిమ్మ మీద పెట్టి సుత్తితో సమం చేయండి. లోపల ఆయిల్ పీల్చే జాలీ కూడా తుడిచేయండి.

ఆయిల్‌కి తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్ (మామూలు వేడిలోనే గట్టిపడే సీలెంట్) కొనండి, షాపులో ఇంజన్‌కి అనాబాండ్ అంటే ఇస్తారు. అగ్గిపుల్ల లావున, ఎక్కడా తెగకుండా, బోల్టు కన్నాలకు లోపలి వైపునుంచి చుట్టూ వేయండి. ఎక్కువ వేస్తే లోపలికి పిండుకుని, ముక్కలు రాలి ఆ జాలీకే అడ్డం పడతాయి, ఇంజన్‌కి ఆయిల్ అందదు. వేశాక పది నిమిషాల్లోపే ఛాంబర్ ఎక్కించి, అన్ని బోల్టులూ చేత్తో పట్టించి, మధ్యనుంచి చివరలకు, ఎదురెదురుగా బిగించండి. చిన్న బోల్టులు కదా, చాలా కార్లకు బిగింపు 10 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటుంది, మీ కారు లెక్క మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) వాడండి. బలం చూపిస్తే మర కొట్టుకుపోతుంది.

ఇక 24 గంటలు ముట్టుకోకండి. ఈ సీలెంట్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి విశాఖ గాలి మనకి సాయమే, అయినా తొందర వద్దు. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్, కొత్త ఫిల్టర్ వేసి, మాన్యువల్ చెప్పినంత ఆయిల్ పోసి, ఇంజన్ స్టార్ట్ చేయండి. ఆయిల్ ప్రెషర్ లైటు కొన్ని సెకన్లలో ఆరకపోతే ఆపేయండి. ఆరితే పది నిమిషాలు నడవనిచ్చి, ఇంజన్ ఆపి అంచంతా వేలితో తడిమి చూడండి, బండి నేల మీదికి దించాక డిప్‌స్టిక్ కూడా చూడండి, ఓ వారం పాటు రాత్రిళ్లు కింద పేపరు పరచండి.

దించిన పాత ఆయిల్ డ్రైనేజీలో పోయొద్దు, మన గెడ్డలన్నీ చివరికి సముద్రంలోకే పోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ రీసైక్లింగ్‌కి పంపే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి.