కెర్నల్ భద్రతా పాఠాలు – 4: రూట్ రాసిన విలువకూ తనిఖీ తప్పదు

గత పాఠంలో లైనక్స్ ప్రాక్ డైరెక్టరీలో (కెర్నల్ తన సమాచారాన్ని, సెట్టింగ్‌లను ఫైళ్లుగా చూపే చోటు) సెట్టింగ్ ఫైల్ పెట్టి చదివాం. ఈసారి అందులోకి రాద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే.

"రాసేది రూటే (అడ్మిన్ ఖాతాయే) కదా, ఇంకా తనిఖీ దేనికి?" అనిపించవచ్చు. రూట్‌కీ చెయ్యి జారుతుంది. పైగా కంటైనర్‌లో యూజర్ ఐడీ 0 (అంటే రూట్) ఉన్నంత మాత్రాన అన్ని అధికారాలూ ఉన్నట్టు కాదు. అందుకే యామా అనే కెర్నల్ భద్రతా మాడ్యూల్, ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని ఎంతవరకు పరిశీలించవచ్చో తేల్చే తన పీట్రేస్_స్కోప్ సెట్టింగ్‌లో రాసేవారికి సిస్_పీట్రేస్ కేపబిలిటీ (విడిగా ఇచ్చే ఓ అధికారం) ఉందా అని రాసే సమయంలోనే చూస్తుంది.

యూజర్ బఫర్‌ను (రాసే ప్రోగ్రామ్ తన మెమరీలో ఉంచిన విలువను) కెర్నల్‌లోకి ఒక్కసారే కాపీ చేసుకోండి. తనిఖీకోసారి, వాడకానికోసారి చదివితే, ఆ మధ్యలో ఇంకో థ్రెడ్ విలువ మార్చేయగలదు. మెమ్‌డప్_యూజర్_నల్ అనే కెర్నల్ ఫంక్షన్ కాపీ చేసి, చివర్లో సున్నా బైట్ కూడా పెడుతుంది. పొడవుకు హద్దు మాత్రం మీరే పెట్టాలి.

ఇక అక్షరాలను అంకెగా మార్చడం. ఎస్‌స్కాన్ఎఫ్ వాడితే 1 తర్వాత ఏ చెత్త ఉన్నా నోరు మెదపకుండా 1 తీసుకుంటుంది. సింపుల్_స్ట్రటుయూఎల్ ఇంకా మోసం: 64 బిట్ మెషీన్‌లో 4294967297 ఇచ్చి, ఫలితాన్ని 32 బిట్ల ఇంట్‌లో పెడితే మిగిలేది 1. కేఎస్‌టీఆర్‌టుఇంట్ ఈ రెంటినీ తిప్పికొడుతుంది. ఎకో కమాండ్ చివర చేర్చే న్యూలైన్‌ను మాత్రం ఒప్పుకుంటుంది. దాన్నే వాడండి, కాకపోతే అది తిరిగిచ్చే ఎర్రర్ కోడ్‌ను గాలికొదలకండి.

మరో భద్రతా మాడ్యూల్ ఎస్‌ఈలైనక్స్ ఎన్‌ఫోర్స్ ఫైల్‌లో (1 అంటే నియమాల అమలు, 0 అంటే నమోదు మాత్రమే) 5 రాస్తే కాదనదు, సున్నా కానిదల్లా 1 కిందే లెక్క. భద్రత వైపే మొగ్గుతుంది కాబట్టి సరే. కొత్త కోడ్‌లో నేనైతే 5ను వెనక్కి పంపేస్తాను.

హద్దుల కోసం ఇఫ్‌లు పేర్చకండి. ప్రాక్_డూఇంట్‌వెక్_మిన్‌మాక్స్ ఉంది: సిస్‌సీటీఎల్ టేబుల్‌లో (కెర్నల్ సెట్టింగ్‌ల పట్టికలో) ఎక్స్‌ట్రా1కి కనిష్ఠం, ఎక్స్‌ట్రా2కి గరిష్ఠం ఇస్తే చాలు. యామా దీనిమీదే ఓ చక్కటి ఎత్తు వేసింది. పీట్రేస్_స్కోప్ హద్దులు 0 నుంచి 3. విలువ 3 అయ్యాక రాయబోతే కనిష్ఠాన్నీ 3 చేసేస్తుంది. ఇక రూట్ కూడా కిందికి దించలేదు.

అభ్యాసం: యామా ఉన్న వర్చువల్ మెషీన్‌లో పీట్రేస్_స్కోప్‌కు 7 రాయండి, తర్వాత 3, ఆపైన 0. ఏ రెండు "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" అంటాయో చూసి రీబూట్ చేయండి. వచ్చే పాఠంలో ఒకే విలువను ముక్కలుగా రాస్తే ఏమవుతుందో చూద్దాం.