పెచ్చులూడుతున్న పాత మిషన్ బడి స్లాబును కూల్చకుండా బాగుచేసుకోవడం ఎలా?

చండీగఢ్‌లో వాస్తుశిల్పి ల కార్బూజియే ఎండను అడ్డుకోవడానికి కాంక్రీటు రెక్కలు నిలిపిన 1950ల నాటి ఆలోచనే, ఆ తరం క్రైస్తవ మిషన్ బడుల్లో చదునైన స్లాబుగా, వెడల్పాటి సన్‌షేడ్లుగా, వరండా పొడవునా సిమెంటు జాలీలుగా కనిపిస్తుంది. చిత్తూరు ఎండలకు తగిన అలాంటి భవనం మీ చేతిలో ఉంటే, నాలుగు పెచ్చులు రాలాయని కూల్చివేతకు తొందరపడకండి.

ముందుగా ఆ గదిలోంచి పిల్లలను తరలించి, స్లాబు కింద జాకీలు, అంటే బరువు మోసే ఊతాలు, పెట్టించండి. తరువాత మేడ ఎక్కండి, ఎందుకంటే కింద కనిపించే జబ్బుకు మూలం చాలాసార్లు పైనే ఉంటుంది. తూముల్లో పేరుకున్న ఆకులు తీసి, నాలుగు బిందెల నీళ్లు పోసి, ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దతో గీసుకోండి. ఆ గీతల చోట వాటం సరిచేయనిదే కింద ఎంత పూసినా దండగే. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను పైకి తుంచితే మళ్లీ వస్తుంది కనుక వేరుతో సహా తీయించాలి.

ఇప్పుడు కింద, చిన్న సుత్తితో స్లాబును జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ రండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయినది కుండలా డొల్లగా పలుకుతుంది. అలా పలికిన చోట కొద్దిగా పగలగొట్టి, తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే, క్షారగుణం మిగిలిన భాగం ముదురు గులాబీ రంగుకు మారుతుంది. రంగు రాని భాగంలో గాలిలోని కార్బన్ డయాక్సైడు ఆ గుణాన్ని హరించిందని అర్థం. ఆ గుణమే కాంక్రీటు లోపలి ఇనుప ఊచను తుప్పు నుంచి కాపాడుతుంది. అది పోయి తేమ చేరితే ఊచ తుప్పుపట్టి ఉబ్బి, తన కింది కాంక్రీటును తానే నెట్టేస్తుంది.

డొల్ల భాగాన్ని ఊచ వెనకవైపుకు వేలు దూరేంత వరకు చెక్కించి, వైరు బ్రష్‌తో తుప్పు రాల్చి, జింక్ ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పొరలు పొరలుగా నింపించండి. ఊచ బాగా సన్నబడి ఉంటే మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉంటాయి కాబట్టి ఈ పని జనవరి తరువాత పెట్టుకోవడం మంచిది. స్లాబు పైన పనికి తడి గోనెసంచులు కప్పి వారం రోజులైనా తడి ఆరనివ్వకూడదు; కింది పాలిమర్ అతుకులను మాత్రం ఆ మోర్టారు తయారీదారు చెప్పినట్టే తడపాలి.

జాలీలను మాత్రం ఇటుకతో మూయించకండి; ఆ గదులకు గాలి వాటి గుండానే వస్తుంది. ఒక బిళ్ళ విరిగితే, బాగున్న బిళ్ళను కొలిచి చెక్క అచ్చు చేయించి, అదే మందంతో కొత్తది పోయించి, పాత గాడిలో కూర్చోబెట్టించండి.