ఇంట్లో క్లౌడ్ చాంబర్: చిన్నపిల్లలకి కణాల దారి చూపించడం ఎలా

ఐదారేళ్ల పిల్లలకి ప్రోటాన్, క్వార్క్ అంటూ పేర్లు బట్టీ పట్టించకండి. ముందు కణం వెళ్లిన దారిని కళ్లారా చూడనివ్వండి, పేరు తర్వాత చెప్పొచ్చు. దానికి క్లౌడ్ చాంబర్ కావాలి. 1932లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త కార్ల్ ఆండర్సన్‌కి పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణం) కనబడింది ఇలాంటి పరికరంలోనే. పెట్టెలో ఆల్కహాల్ ఆవిరి చల్లటి అడుగుకి దిగి, చుక్కలు కట్టడానికి సిద్ధంగా ఉంటుంది. విద్యుదావేశం ఉన్న కణం దూసుకుపోతే దారి పొడవునా అయాన్లు, అంటే విద్యుదావేశం వచ్చిన అణువులు మిగులుతాయి. వాటి చుట్టూ చుక్కలు కట్టి, విమానం వెనక కనబడే తెల్లటి గీతలాంటిది ఏర్పడుతుంది.

అక్వేరియం షాపులో 30 సెం.మీ. పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు గాజు తొట్టి చేయించండి. లోపల అడుగున ఫెల్టు గుడ్డని సిలికాన్‌తో అక్కడే అంటించమనండి. అక్రిలిక్ తొట్టి వద్దు, ఆల్కహాల్ తగిలితే పగుళ్లిస్తుంది. తొట్టి మూతి కంటే కాస్త పెద్దదైన 2 మి.మీ. అల్యూమినియం రేకు తీసుకుని, నల్ల ఇన్సులేషన్ టేపు వరసగా అంటించండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మి.లీ., థర్మోకోల్ పెట్టె, ఎల్ఈడీ టార్చి, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మూడు కిలోలు కావాలి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యలకి వాడే ఐస్ ఎంతైనా దొరుకుతుంది గానీ దీనికి పనికిరాదు. రేకు మైనస్ 25 డిగ్రీల కంటే చల్లబడాలి. మామూలు ఐసులో ఉప్పు కలిపినా మైనస్ 21 దాటదు. డ్రై ఐస్ మైనస్ 78 ఉంటుంది. వాడే రోజే తెప్పించండి, కారు అద్దాలు దించి తీసుకురండి, పెట్టె మూత బిగించకండి. తోలు గ్లవ్స్ వేసుకుని పెద్దవాళ్లే ముట్టుకోవాలి. గది కిటికీలు తెరిచి ఉంచాలి. ఆల్కహాల్ ఉన్నచోట పొయ్యి, దీపం, అగరొత్తులు ఏవీ ఉండకూడదు.

డ్రై ఐస్‌ని గుడ్డలో చుట్టి నలగ్గొట్టి థర్మోకోల్ పెట్టెలో చదునుగా పరవండి. పెద్ద ముక్కలైతే మధ్యలో ఖాళీలు మిగిలి రేకు సరిగ్గా చల్లబడదు. ఫెల్టు తడిసేలా ఆల్కహాల్ పోసి, తొట్టిని రేకు మీద నల్ల టేపు ఉన్న వైపు బోర్లించి, అంచు చుట్టూ ఆయిల్ క్లే అద్దండి. గోధుమపిండి ముద్ద వాడకండి, అందులో నీళ్లుంటాయి. అప్పుడు రేకుని డ్రై ఐస్ మీద పెట్టి, లైట్లు ఆర్పి, టార్చిని పక్కనుంచి రేకుకి దగ్గరగా వెయ్యండి. పది, పదిహేను నిమిషాల్లో అడుగున సన్నటి జల్లు కనబడుతుంది. ఆ తర్వాత గీతలు మొదలవుతాయి.

జల్లే రాకపోతే ఆల్కహాల్ 70 శాతందేమో చూడండి. జల్లు వచ్చినా గీతలు లేకపోతే ఎక్కడో గాలి దూరుతోంది, లేదా టార్చి మరీ పైనుంచి పడుతోంది. మన డెల్టాలో అసలు సమస్య తేమ. అది రేకు మీద మంచుపొరలా పేరుకుని గీతల్ని కప్పేస్తుంది. వర్షాకాలంలో కంటే సంక్రాంతి రోజుల్లో చేస్తే సగం ఇబ్బంది తప్పుతుంది. ఏసీ గదిలో కిటికీలు మూసుకుని చేసి, చివర్లో తెరిస్తే చాలు అనుకోకండి: డ్రై ఐస్ ఉన్నంతసేపూ కిటికీ తెరిచే ఉండాలి.

పిల్లల చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి కనబడ్డ గీతలు గీయమనండి. పొడుగ్గా తిన్నగా పోయేవి ఎక్కువగా మ్యూఆన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైన కణాలు), వంకరటింకరగా తిరిగేవి ఎలక్ట్రాన్లు, పొట్టిగా లావుగా ఉండేవి ఆల్ఫా కణాలు (హీలియం కేంద్రకాలు). "ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అంటే, అంతరిక్షం నుంచి వచ్చిన కణాలు చాలా ఎత్తులో గాలిని గుద్దితే మ్యూఆన్లు పుట్టి, ఇంటి కప్పు దాటి వచ్చాయని చెప్పండి. చెయ్యి చాపమనండి: ఆ అరచేతిలోంచి దాదాపు సెకనుకొకటి పోతూనే ఉంటుంది. "మరి మనకేం కాదా నాన్నా?" అని భయపడితే, మనిషి పుట్టినప్పట్నుంచీ ఇవి మనలోంచి పోతూనే ఉన్నాయని చెప్తే చాలు.

ఆల్ఫా గీతలు ఇంకా కావాలంటే, ఊదిన బెలూన్‌ని ఉన్నిబట్టతో రుద్ది, డ్రై ఐస్ లేని వేరే గదిలో తలుపులు మూసి ముప్పావుగంట వేలాడదీయండి. గాలిలో సహజంగా ఉండే రేడియోధార్మిక వాయువు రేడాన్ నుంచి పుట్టిన పదార్థాలు దానికి అంటుకుంటాయి. గాలి తీసేసి వెంటనే రేకు మీద పెట్టి తొట్టి మూయండి. ఉక్కపోతగా ఉన్న రోజున బెలూన్ మీద ఆవేశం నిలవదు. పాత పెట్రోమాక్స్ మాంటిల్ మాత్రం పెట్టొద్దు. అందులో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండొచ్చు, పొడిగా రాలి పిల్లల నోట్లోకి పోతుంది.

మిగిలిన డ్రై ఐస్‌ని సింకులో వెయ్యకుండా, పిల్లలకి అందని చోట ఆరుబయట వదిలెయ్యండి.