బ్రేక్ పైపుల్లో లోపమా? రీకాల్ చూసుకోవడం, ఫిర్యాదు చేయడం ఇలా: తిరుపతి, చిత్తూరు వాహనదారుల కోసం

తయారీలోనే లోపం ఉన్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసి ఇవ్వడమే రీకాల్. చాలామంది ఇక్కడ రెండు పనులను కలిపేసి గందరగోళపడుతున్నారు. ఇప్పటికే ప్రకటించిన రీకాల్‌లో మన బండి ఉందా అని చూసుకోవడం ఒకటి. ఇంకా రీకాల్ రాని లోపం మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేయడం ఇంకొకటి. మొదటిదానికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు, దరఖాస్తూ అక్కర్లేదు.

ముందు ఆర్‌సీ తీసి ఛాసిస్ నంబరు చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఇందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ వాడరు. గుండ్రంగా కనిపించేది సున్నానే, టైపు చేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ పేజీ ఉంటే అక్కడ ఈ నంబరు కొట్టండి. లేకపోతే రేణిగుంట రోడ్డులోనో చిత్తూరులోనో మీ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఆర్‌సీ ఫోటో పంపి, "ఈ ఛాసిస్ మీద రీకాల్ పెండింగ్ ఉందా?" అని అడగండి. మోడల్ పేరు ఒక్కటే చెబితే లాభం లేదు. 2022 అక్టోబరులో మారుతీ సుజుకీ వెనక బ్రేకుల్లో పిన్ను లోపం ఉండొచ్చని 9,925 వ్యాగన్‌ఆర్, సెలేరియో, ఇగ్నిస్ కార్లను వెనక్కి పిలిచింది. అవన్నీ ఆ ఏడాది ఆగస్టు 3 నుంచి సెప్టెంబరు 1 మధ్య తయారైనవి. పక్కింటి వ్యాగన్‌ఆర్‌కు రీకాల్ వచ్చిందని మీదానికీ వస్తుందనుకోకూడదు.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు మరీ జాగ్రత్త. చిత్తూరులో ఏపీ 03 నంబరుతో రిజిస్టరై, రెండు చేతులు మారి, ఇప్పుడు శ్రీకాళహస్తిలో తిరుగుతున్న కారుకు రీకాల్ మెసేజ్ వస్తే అది మొదటి ఓనరు ఫోనుకే పోవచ్చు. కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లోనూ, షోరూం రికార్డులోనూ మీ మొబైల్ నంబరు ఎక్కించుకోండి.

రీకాల్ ఉందని తేలితే ఆ పనికి విడిభాగానికీ, లేబర్‌కీ పైసా కట్టక్కర్లేదు. జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్ ఇచ్చే పని చీటీ) మీద రీకాల్ అని రాయించుకోండి. అరిగిన బ్రేక్ ప్యాడ్లు ఇందులోకి రావు, వాటి బిల్లు వేరే.

ఇక ఫిర్యాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 110ఎ సెక్షన్ కింద రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్లలోపు బండ్లకే వర్తిస్తాయి. అదే రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో మొబైల్ ఓటీపీతో లాగిన్ అయి, బండి వివరాలు, లోపం నమోదు చేయాలి. "బ్రేకులు బాగాలేవు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ముందు ఎడమ చక్రం దగ్గర హోస్ జాయింటులో ఆయిల్ కారుతోంది, పెడల్ మెత్తగా కిందికంటా పోతోంది" అని రాయండి. ఎన్ని కిలోమీటర్లకు మొదలైందో చెప్పండి, తడిసిన చోట ఫోటో తీసి పెట్టుకోండి. డబ్బాలో బ్రేక్ ఆయిల్ మెల్లగా తగ్గితే అది ప్యాడ్లు అరగడం వల్ల కూడా కావచ్చు. పైపు వెంబడి, చక్రం లోపలివైపు తడి ఉంటే మాత్రం లీకే. బయట మెకానిక్ పైపు మార్చి ఉంటే అదీ దాచకుండా చెప్పాలి.

పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే రేపే మీ కారు బాగైపోతుందని ఆశ పెట్టుకోవద్దు. అమ్మకాలను బట్టి నిబంధనల్లో పెట్టిన సంఖ్యకు ఒకే మోడల్ మీద ఫిర్యాదులు చేరితేనే కంపెనీకి నోటీసు, ఆ తర్వాత విచారణ. మీ ఒక్క బండి సంగతి తేలాలంటే వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. బండికి కట్టిన ధర 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, రెండేళ్లలోపు కేసు వేయాలి.

లీకు కనిపించిన బండిని సర్వీస్ సెంటర్‌కు నడిపించుకుని వెళ్లొద్దు, టోయింగ్ అడగండి. బాగయ్యేదాకా తిరుమల కొండకు మాత్రం తీసుకెళ్లకండి. మొదటి ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు వేయాల్సిందే, బలహీనపడిన పైపు తెగేది అలాంటి చోటే. దర్శనం టికెట్ ఉంటే అలిపిరిలో బస్సెక్కండి.