పేదరాశి పెద్దమ్మ ఇంటి నుంచి గుహ దాకా: తెలుగులో మొదటి డీ అండ్ డీ ఆట నడపడం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) 1974లో అమెరికాలో వచ్చిన, కథ చెప్పుకుంటూ ఆడే ఆట. కర్తలు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. బోర్డు తప్పనిసరి కాదు, ఒకరి మీద ఒకరు గెలవడం లేదు. ఒకరు డంజన్ మాస్టర్, అంటే డీఎం: లోకాన్నీ, అందులోని మనుషుల్నీ, రాక్షసుల్నీ ఆడిస్తారు. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఎవరి పాత్ర ఏం చేస్తుందో వాళ్లు చెబుతారు. జరుగుతుందో లేదో తేలనప్పుడే పాచిక వేస్తారు. 2014 నాటి ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితం. ఇక్కడి అంకెలన్నీ 2014 రూల్స్‌వే. 2024లో వచ్చిన కొత్త రూల్స్‌తో కలపకండి, రాక్షసుల బలాలూ పోరాటాల లెక్కా మారాయి.

డీఎం కాక నలుగురు, మూడు గంటలు. ఆరుగురైతే పోరాటంలో తన వంతు వచ్చేలోపు ప్రతివాడి చెయ్యీ ఫోన్ మీదికి పోతుంది.

ఏడు పాచికల సెట్టు ఒకటి చాలు, అందులో ఎక్కువగా వాడేది 20 ముఖాల పాచిక. దొరక్కపోతే దాని బదులు 1 నుంచి 20 దాకా చీటీలు రాసి డబ్బాలో వేయండి. తీసిన చీటీ మళ్లీ డబ్బాలో పడాలి, లేకపోతే మిగిలిన అంకెల అవకాశాలు మారిపోతాయి. ఇంట్లో గవ్వలున్నాయి కదా అనుకోవద్దు. అష్టాచెమ్మా నాలుగు గవ్వలకు ఐదే ఫలితాలు, అవీ సమానంగా పడవు.

పాత్రల్ని ముందే తయారు చేసి ఇవ్వండి: ఫైటర్ (యోధుడు), రోగ్ (తాళాలు తీసే గజదొంగ), క్లెరిక్ (వైద్యం చేసే పూజారి), విజార్డ్ (మంత్రగాడు). కొత్తవాళ్లను కూర్చోబెట్టి తయారు చేయిస్తే ఆ పూట దానికే సరిపోతుంది. బలం, చురుకుదనం, తెలివి లాంటి ఆరు సామర్థ్యాలకు 15, 14, 13, 12, 10, 8 పంచండి. 10 తీసేసి సగం చేస్తే బోనస్ వస్తుంది, భిన్నం వస్తే కిందికి. పాత్ర జాతి (మనిషి, ఎల్ఫ్ లాంటివి) వల్ల 15 కాస్తా 16 అయితే బోనస్ 3. దానికి ప్రొఫిషియెన్సీ, అంటే నేర్చిన పనికి దక్కే 2 కలిస్తే, మొదటి లెవెల్ పాత్ర తన పనిలో 20 ముఖాల పాచికకు 5 కలుపుతుంది. అప్పుడు లక్ష్యం, అంటే మొత్తం చేరాల్సిన అంకె, 10 అయితే గెలిచే అవకాశం 80 శాతం, 15కి 55, 20కి 30. మొదటి ఆటలో 15 దాటనివ్వకండి. చివరగా ప్రతి ఒక్కరినీ ఒకటే అడగండి: పక్కన కూర్చున్న పాత్ర మీకేమవుతుంది? బావా, బాకీ ఉన్నవాడా, ఒకే గురువు దగ్గర చదివినవాడా? దీనికి జవాబుంటే జట్టు ఎందుకు కలిసి తిరుగుతోందో ఇంకెవరూ అడగరు.

కథకు ఎల్ఫులూ సత్రాలూ అక్కర్లేదు. దారిన పోయేవాడికి బువ్వ పెట్టి, ఊరి గుట్టంతా చెప్పే పేదరాశి పెద్దమ్మ మనకు ఎప్పటినుంచో ఉంది. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంది, ఆ చిలుక గుహలో ఉంది, గుహకు కాపలా ఉంది. ఇంతకు మించి రాసుకోవద్దు. ‘ముందు ఇది, తరువాత అది’ అని వరుస రాసుకుంటే ఆటగాళ్లు మొదటి పావుగంటలోనే దారి తప్పుతారు, వాళ్లను మళ్లీ లాక్కొచ్చే పని మీకు పడుతుంది. సంఘటనలు కాదు, ఎవరికి ఏం కావాలో రాసుకోండి.

తెలియక తప్పని సంగతికి మూడు ఆధారాలు పెట్టండి. గుహ ఎక్కడో పెద్దమ్మ చెప్పొచ్చు, గొర్రెల కాపరి పచ్చటి ఈకలు చూసి ఉండొచ్చు, పట్టుబడిన కాపలావాడు కక్కొచ్చు. ఒక్క ఆధారమే పెట్టి, అదీ పాచిక పడితేనే అంటే, పడనప్పుడు ఆట అక్కడే ఆగుతుంది. పాచిక పడకపోయినా కథ సాగాలి. తాళం తీయడానికి వేసిన పాచిక పడలేదా? తాళం ఊడింది, కానీ చప్పుడుకి లోపలివాళ్లు లేచారు.

నటన రాదని డీఎంలు వెనకాడతారు. గొంతులు మార్చక్కర్లేదు, పిలుపు మార్చండి. మంత్రి ‘తమరు’ అంటాడు, పెద్దమ్మ ‘ఏరా నాయనా’ అంటుంది, రాక్షసుడు ‘ఒరేయ్’ అంటాడు. ఇంగ్లీషులో ఆడేవాళ్లకు లేని సౌకర్యమిది.

పోరాటం ఒక్కటే పెట్టండి. కాపలాకు గోబ్లిన్ (రూల్స్‌లోని ఓ పొట్టి రాక్షసి) అంకెలు వాడి ‘చిట్టి రక్కసులు’ అనండి: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుందో) 7, దాడి పాచికకు +4, దెబ్బకు ఆరు ముఖాల పాచిక మీద +2. ఎంతమందన్న దగ్గరే కొత్త డీఎం దెబ్బతింటాడు. ఒక్కోటి 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు) కాబట్టి నలుగురికి నాలుగు సమానమనిపిస్తుంది. కానీ మూడు నుంచి ఆరు దాకా ఉంటే మొత్తాన్ని రెట్టింపు చేసి కష్టం కొలవాలి. అప్పుడది 400, అంటే నలుగురు మొదటి లెవెల్ వాళ్లకు ప్రాణాంతకం. మూడైతే 300, కష్టం. రెండైతే తేలిక. మూడు పెట్టి, ఒకటి చచ్చాక ఇంకొకదాన్ని పారిపోనివ్వండి. విజార్డ్‌కు ఎనిమిది పాయింట్లే ఉంటే సగటున రెండు బాణాలు తగిలితే పడిపోతాడు. పాయింట్లు సున్నా అయితే చావు కాదు. తన వంతులో 20 ముఖాల పాచిక, 10 గానీ ఆపైన గానీ పడితే ఒక గెలుపు. మూడు గెలుపులకు ప్రాణం నిలుస్తుంది కానీ స్పృహ రాదు, మూడు ఓటములకు పోతాడు. ఈలోపు క్లెరిక్ వైద్యం ఒక్క పాయింటు ఇచ్చినా లేస్తాడు.

రూల్ మీద వాదన వస్తే నిమిషంలో మీరే తేల్చేయండి, పుస్తకం ఆట అయ్యాక తీయండి. పేజీలు తిరగేసే ఐదు నిమిషాల్లో గుహ మాయమై డ్రాయింగ్ రూమ్ తిరిగొస్తుంది. పిల్లల చావు, అత్యాచారం లాంటివి కథలోకి రాకూడదని ఎవరికైనా ఉంటే మొదలవక ముందే అడిగి, కారణం అడక్కుండా పక్కన పెట్టేయండి.

చిలుక చేతికి చిక్కినచోట ఆపండి, దాన్ని ఏం చేస్తారో వచ్చే ఆటకు వదిలేయండి. పాత్రల వివరాలున్న షీట్లు వెనక్కి తీసుకునే ముందు మిగిలిన పాయింట్లు, వాడేసిన మంత్రాలు, ఎవరి దగ్గర ఏం ఉందో పెన్సిల్‌తో రాయించి, అందరూ కూర్చుని ఉండగానే తరువాతి తేదీ ఖాయం చేయండి.