క్లీనర్ ఆవిరి, మంట, ఘాటు: రిపేర్ పనుల్లో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇంట్లో ఏ రిపేర్ మొదలుపెట్టినా ముందు క్లీనింగే కదా, పాత పెయింట్ గోకాలి, తుప్పు వదిలించాలి, జిడ్డు తుడవాలి, బ్లాక్ అయిన పైపు తెరవాలి, దానికి చేతికందిన సీసా తీసి పోసేస్తాం. గ్లౌజులు కూడా వేసుకుంటాం గానీ దాని ఆవిరి ఎటు పోతోందో మాత్రం ఎవ్వరం చూడం. వీటిలో చాలావాటి ఆవిరి గాలి కన్నా బరువు, పైకి తేలి పోదు, కిందకి దిగి నేల మీద పాకుతుంది. కింద రాసిన వాటిలో చాలా సమస్యలు తిరిగి తిరిగి ఈ విషయం దగ్గరికే వస్తాయి కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

సమస్య: బాత్రూం కడుగుతుంటే ఒక్కసారిగా కళ్ళు మంట, గొంతు పట్టేసింది, దగ్గు ఆగట్లేదు

కారణం: రెండు క్లీనర్లు కలిశాయి. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్, చాలా టాయిలెట్ క్లీనర్లలోనూ టైల్స్ మీద సిమెంట్ మరకలు తీసే లిక్విడ్స్‌లోనూ ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఈ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదకి వదిలింది ఈ గ్యాసే. గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు, కాబట్టి వంగి నేల రుద్దుతున్న మనిషి ముఖం దగ్గరే నిలుస్తుంది. బ్లీచ్‌లో వెనిగర్ కలిసినా క్లోరినే, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కలిస్తే క్లోరమైన్లు, అవీ ఊపిరితిత్తుల్ని అలాగే కాలుస్తాయి. "నేనేం కలపలేదే" అంటారు చాలామంది, ఒకే బకెట్‌లో కలపక్కర్లేదండీ, ముందు యాసిడ్ పోసి సరిగ్గా కడక్కుండా తర్వాత బ్లీచ్ పోసినా కమోడ్‌లో నిలిచిన నీళ్ళలో అవి కలుసుకుంటాయి.

ఏం చెయ్యాలి: బయటికి వచ్చెయ్యండి, వెంటనే. మూత పెట్టి వద్దాం, నీళ్ళు కొట్టి వద్దాం అని ఒక్క క్షణం కూడా ఆగొద్దు, కిందపడిన సీసా కోసం అస్సలు వంగొద్దు. వచ్చే దారిలో కిటికీలు ఉంటే తెరవండి. కళ్ళు మండుతుంటే పారే నీళ్ళతో 15 నుంచి 20 నిమిషాలు కడగండి, కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసెయ్యండి. దగ్గు, ఆయాసం, ఛాతీ బిగుతు తగ్గకపోతే హాస్పిటల్‌కి వెళ్ళాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. ఇకముందు ఒక పూట ఒకటే క్లీనర్, రెండోది వాడాలంటే మధ్యలో బోలెడు నీళ్ళు పోసి కడగాలి.

సమస్య: థిన్నర్ వాసన మొదట ఘాటుగా ఉంది, కాసేపటికి తగ్గింది, కానీ తల తిరుగుతోంది

కారణం: వాసన తగ్గలేదు, మీ ముక్కు అలవాటు పడిపోయింది. ఆవిరి అంతే ఉంది, ఇంకా పెరిగి కూడా ఉండొచ్చు. తలనొప్పి, వికారం, మాట తడబడటం, ఊరికే నవ్వు రావడం, ఇవన్నీ సాల్వెంట్, అంటే థిన్నర్ లాంటి కరిగించే ద్రవం, మెదడు మీద పనిచేస్తోందనడానికి గుర్తులు, ఇంకాసేపు ఉంటే లేచి నడిచే శక్తి కూడా ఉండదు.

ఏం చెయ్యాలి: పని ఆపి గాలిలోకి రండి. గుడ్డ కట్టుకుంటేనో, ఎన్95 మాస్క్ పెట్టుకుంటేనో సరిపోతుందనుకోవద్దు, అవి దుమ్ముని ఆపేవి, ఆవిరి వాటిలోంచి దర్జాగా వెళ్ళిపోతుంది. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే ఇలాంటి ఆవిరిని పట్టి ఉంచే ఫిల్టర్ డబ్బా, ఉన్న రెస్పిరేటర్ మాస్క్ కావాలి, ఆ కార్ట్రిడ్జ్ కూడా కొంత వాడాక నిండిపోతుంది, మార్చాలి. ఇక పాత పెయింట్ రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ అని రాసి ఉంటే అది వాడకండి, మూసిన బాత్రూంలో బాత్‌టబ్ మీదకి వంగి దాంతో పెయింట్ తీస్తూ మనుషులు చనిపోయారు. అది ఒంట్లోకి వెళ్ళాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది కాబట్టి బయటికొచ్చాక కూడా గుండెకి ప్రమాదం ఉంటుంది. అమెరికాలో ఇంటి వాడకానికి ఆ రిమూవర్లు అమ్మకుండా 2019లో ఆపేశారు.

సమస్య: దగ్గర్లో మంటే లేదు, అయినా గుప్పున అంటుకుంది

కారణం: మంట మీ దగ్గర లేదు, థిన్నర్, పెట్రోల్ లాంటి వాటి ఆవిరి వెళ్ళిన చోట ఉంది. నేల మీద పాకుతూ తలుపు కింద నుంచి పక్క గదికి పోతుంది, అక్కడ గ్యాస్ గీజర్‌లో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంటో, ఫ్రిజ్ థర్మోస్టాట్‌లో వచ్చే చిన్న స్పార్కో తగిలి అంటుకుని, వచ్చిన దారినే వెనక్కి మీ డబ్బా దాకా వస్తుంది. ఒక ద్రవం కనీసం ఎన్ని డిగ్రీల దగ్గర అంటుకునేంత ఆవిరి ఇవ్వడం మొదలుపెడుతుందో చెప్పేది ఫ్లాష్ పాయింట్. పెట్రోల్‌ది సుమారు మైనస్ 40 డిగ్రీలు, అసిటోన్‌ది మైనస్ 20 దగ్గర, థిన్నర్లలో ఉండే టోలుయిన్‌ది 4, కిరోసిన్‌ది 38 ఆ పైన. అంటే మొదటి మూడూ మామూలు గదిలో మూత తీసిన నిమిషం నుంచే రెడీగా ఉన్నట్టు. "తొందరగా ఆరిపోతుంది, సేఫ్" అంటారు చూడండి, అది తిరగేసి అర్థం చేసుకోవాలి, తొందరగా ఆరడం అంటే తొందరగా ఆవిరై గదిలోకి రావడమే.

ఏం చెయ్యాలి: డబ్బా తెరవక ముందే పైలట్ మంటలు, స్టవ్ ఆర్పండి, ఎదురెదురు కిటికీలు తెరవండి. గది ఆవిరితో నిండాక ఫ్యాన్ వేద్దాం, ఎగ్జాస్ట్ వేద్దాం అనుకోవద్దు, స్విచ్ వేసినా తీసినా స్పార్క్ వస్తుంది, ఏదీ ముట్టుకోకుండా తలుపులు తీసి బయటికి నడవండి. డ్రిల్ మెషీన్ మోటార్‌లోనూ స్పార్కులుంటాయి, గాలి పూర్తిగా మారేదాకా అది కూడా ఆన్ చెయ్యొద్దు. అంటుకుంటే నీళ్ళు కొట్టొద్దు, ద్రవం నీటి మీద తేలి మంటని మోసుకుపోతుంది. చిన్న గిన్నెలో అయితే మూత బోర్లించండి, లేదా డ్రై పౌడర్, కార్బన్ డయాక్సైడ్ ఎక్స్‌టింగ్విషర్ వాడండి, అంతకన్నా పెద్దదైతే మనుషుల్ని బయటికి తెచ్చి ఫైర్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. పెట్రోల్‌తో మాత్రం ఏదీ తుడవకండి, దయచేసి.

సమస్య: స్విచ్‌బోర్డ్‌లో స్ప్రే కొట్టి ఆన్ చేస్తే భగ్గుమంది

స్ప్రే డబ్బాలోంచి లిక్విడ్‌ని తోసేది చాలావరకు బ్యూటేన్, ప్రొపేన్, అంటే వంటగ్యాస్ జాతి. మెయిన్ ఆపి, కొట్టి, బోర్డు తెరిచే ఉంచి, పూర్తిగా ఆరి వాసన పోయాకే కరెంట్ ఇవ్వండి.

సమస్య: పాలిష్ పని ఎప్పుడో అయిపోయింది, మూలన వేసిన గుడ్డల నుంచి కాలిన వాసన

కారణం: నిప్పు ఎవరూ పెట్టలేదు, గుడ్డలే పెట్టుకుంటున్నాయి. లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, అది ఉన్న చెక్క పాలిష్‌లు ఆరడం అంటే గాలిలో ఆక్సిజన్‌తో కలవడం, ఆ కలవడంలో వేడి పుడుతుంది. చెక్క మీద పలచగా పూసినప్పుడు వేడి గాలిలోకి పోతుంది, ఉండలా చుట్టి పడేసిన గుడ్డలో బయటికి పోయే దారి లేక పెరిగి పెరిగి కొన్ని గంటలకి అంటుకుంటుంది, అందుకే ఈ మంటలు పనివాళ్ళు వెళ్ళిపోయాక, ఇంట్లో అందరూ పడుకున్నాక వస్తాయి.

ఏం చెయ్యాలి: గుడ్డలు ఒక్కోటిగా విప్పి బయట తీగ మీద పరవండి, గట్టిపడి కరకరలాడేదాకా. లేదంటే నీళ్ళు నింపిన మూత ఉన్న రేకు డబ్బాలో ముంచి పెట్టండి. ఇప్పటికే వెచ్చగా ఉంటే చేత్తో తియ్యకండి, పొడవాటి కర్రతోనో పారతోనో బయటికి లాగి నీళ్ళతో తడిపెయ్యండి.

సమస్య: పైపులో డ్రెయిన్ క్లీనర్ వేస్తే పొంగి పైకి చిమ్మింది

చాలా డ్రెయిన్ క్లీనర్లలో ఉండే కాస్టిక్ సోడా నీళ్ళు తగలగానే బాగా వేడెక్కుతుంది, వేడి నీళ్ళు పోస్తే మరీను, అల్యూమినియం తగిలితే అంటుకునే హైడ్రోజన్ కూడా వస్తుంది. అది పనిచెయ్యలేదని పైన యాసిడ్ రకం పోస్తే పైపులోంచి ఎగిరి ముఖం మీదకే. ఒకసారి పోశాక ప్లంబర్‌ని పిలిస్తే ఏం పోశారో ముందే చెప్పండి, ఆయన చెయ్యి పెట్టబోయేది ఆ నీళ్ళలోనే. ఒంటి మీద పడితే నీళ్ళు, ఇంకా నీళ్ళు, యాసిడ్‌కి సోడా లాంటి విరుగుళ్ళు చర్మం మీద చెయ్యకండి.

సమస్య: అప్పుడు ఏం అనిపించలేదు, రాత్రికి నొప్పి లేదా ఆయాసం మొదలైంది

రెండు కారణాలు చూడాలి. తుప్పు తీసే కొన్ని లిక్విడ్స్‌లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, పలచగా ఉంటే మొదట మంట పుట్టదు, లోపలికి దిగి కాల్షియంని పట్టేస్తుంది, దానికి నీళ్ళతో కడిగి కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి హాస్పిటల్‌కి వెళ్ళాల్సిందే. రెండోది బ్రేక్ క్లీనర్, బండి బ్రేకుల మీద జిడ్డు తీసేది. క్లోరిన్ ఉన్న రకంతో, లేబుల్ మీద టెట్రాక్లోరోఇథిలీన్ అని ఉంటుంది, ఇనుము తుడిచి తడి ఆరకుండానే వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు, దాని లక్షణాలు 24 గంటలో ఇంకా ఎక్కువో ఆలస్యంగా రావచ్చు. వెల్డింగ్‌కి ముందు ఆ క్లీనర్ వాడనే వద్దు. ఎవరికైనా తర్వాత ఒంట్లో బాగోకపోతే వాడిన డబ్బా లేబుల్ ఫోటో తీసుకుని వెళ్ళి డాక్టర్‌కి చూపించండి, పని ఎన్ని గంటలకి చేశారో కూడా చెప్పండి.